తుపాకీ మీద అద్దం

ఆగస్టు మొదటి సోమవారం పొద్దున్న థేన్ హాల్వర్ పెట్టుకున్నవి మూడే పనులు. ఎనిమిదింటికల్లా పొలం చివర అట్టముక్క నిలబెట్టి తుపాకీతో మూడు గుళ్ళు కాల్చాలి. తొమ్మిదింటికి తుపాకీ గొట్టం కడిగి ఆరబెట్టాలి. పదకొండింటికి, ముప్ఫై ఎనిమిది మైళ్ళ అవతల మార్లో పట్నంలోని వృద్ధుల హోమ్‌లో, భార్య నెడ్రా మంచం పక్కన కూర్చోవాలి. ఈ మూడో పని ఏప్రిల్ నుంచి ఒక్కరోజు కూడా తప్పలేదు.

ఏప్రిల్‌లో నెడ్రాకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పోలేదు. వేగం తగ్గింది గాని పదును తగ్గలేదు. పిల్లలు లేని ఇల్లది. నలభై ఆరేళ్ళుగా ఆ ఇంట్లో వినబడిన మాటల్లో ముప్పాతిక ఆమెవే కాబట్టి, ఇప్పుడు థేన్‌కి తన చెంచా కంచానికి తగిలిన చప్పుడు కూడా ఎవరో వచ్చినట్టు వినిపించేది.

తుపాకీ సంగతికి కారణమూ నెడ్రాయే. బ్లాక్ సాడిల్ కొండ మీద ఎల్క్ జింకను వేటాడాలంటే లాటరీలో పేరు తగలాలి. అక్కడ సెప్టెంబరులో తొమ్మిదే రోజులు వేట. అదీ గొట్టం మూతిలోంచి మందూ గుండూ కూరి ఒక్కసారికి ఒక్కటే కాల్చే పాతకాలపు తుపాకీతో. పద్నాలుగేళ్ళుగా ఏటా ఫిబ్రవరిలో థేన్ తరఫున దరఖాస్తు నింపేది నెడ్రాయే. చిన్న అక్షరాలంటే అతనికి చిరాకు. ఈ ఏడు కూడా నింపి పోస్టులో వేసింది. రెండు నెలలకి మంచాన పడింది. ఆ తర్వాత రెండు నెలలకి, పేరు తగిలిందని ఉత్తరం వచ్చింది.

"పద్నాలుగేళ్ళు కాయితాలు నింపి నింపి చెయ్యి పడిపోయింది నాకు," అంది నెడ్రా ఆ కబురు విని. "ఇక నీ వంతు. సెప్టెంబరు దాటాక మాంసం లేకుండా ఈ గడప తొక్కావంటే చూడు."

అందుకని థేన్ ఆ సోమవారం మూడు గుళ్ళు కాల్చాడు. పొగ తేలిపోయాక వెళ్ళి చూస్తే అట్టముక్క కడిగిన పళ్ళెంలా ఉంది. ఒక్క చిల్లు లేదు. ఇంతలో పక్క పొలం గార్త్ ట్రాక్టరు దిగి, కంచె దగ్గరికొచ్చి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్ళు.

"ఒరేయ్ థేన్, నా నీళ్ళతొట్టి నీకేం ద్రోహం చేసిందిరా?"

"ఏ తొట్టి?"

"పశువులు తాగే తొట్టిరా. మూడు ధారలు కారుతున్నాయి. మూడు చిల్లులూ ఒక్క అరచేతిలో పడతాయి. అబ్బ, ఏం గురిరా నాయనా! కాకపోతే నీ అట్ట ఇక్కడుంది, నా తొట్టి అక్కడుంది."

థేన్ అటు చూశాడు. దూరంగా తెల్లగా ఏదో మెరుస్తోంది. తను గురి పెట్టింది ఆ తెలుపుకే.

"ఎండ కళ్ళలో పడింది," అన్నాడు.

ఎండ అతని వీపు వెనక ఉంది. గార్త్ ఆ మాట అనలేదు. "దుర్బిణి బిగించుకోరా," అన్నాడు మెల్లగా. "డెబ్బై ఒకటి దాటాక తుపాకీ వెనక గాడినీ, గొట్టం చివర పూసనీ, దూరాన జింకనీ ఒకేసారి చూడటం ఎవరివల్లా కాదు."

థేన్ జీవితంలో ఒక్క వేట నియమం కూడా తప్పినవాడు కాదు. దుర్బిణి కొనే ముందు అడగాలని అటవీ జంతువుల శాఖ ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడ టావ్నీ అనే ఆఫీసరమ్మాయి ఉంది.

"కుదరదండీ థేన్ గారూ," అందామె. "ఈ సీజన్‌లో గాడీ పూసా ఉండొచ్చు. చిల్లులోంచి చూసే గురి ఉండొచ్చు. పూసకి మెరిసే రంగు పూసుకోవచ్చు. బ్యాటరీతో వెలిగే చుక్క కుదరదు. పెద్దది చేసి చూపించే అద్దం అసలు కుదరదు."

"నా కళ్ళజోడూ అద్దమేగా అమ్మాయ్. అదీ పెద్దది చేసే చూపిస్తుంది."

"అది మీ ముక్కు మీద ఉంటుంది కదండీ."

"అంటే అద్దం ముక్కు మీద ఉంటే సరే, తుపాకీ మీద ఉంటే నేరమా?"

టావ్నీ నియమాల పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పింది. "అవునండీ. అంతే."

"రెండు జోళ్ళు పెట్టుకుంటే?"

"ముక్కు ఎన్ని మోస్తే అన్ని పెట్టుకోండి. జింకకీ తప్పించుకునే వీలుండాలని కదా ఈ నియమం పెట్టింది."

"మరి నాకో?"

ఆ ప్రశ్నకి పుస్తకంలో జవాబు లేదు. కానీ అరలో ఒక ఫారం ఉంది. చూపు బాగా తగ్గినవాళ్ళకి దుర్బిణి వాడుకునే మినహాయింపు ఇస్తారట. కళ్ళ డాక్టరు సంతకం పెట్టాలి. థేన్ ఆ ఫారాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని బయటపడ్డాడు, లోపల ఓ కొత్త బెంగతో. తన చూపు మరీ అంత తగ్గిందని అతను అనుకోవడం లేదు. డాక్టరు అన్నీ బాగున్నాయంటే?

కళ్ళ పరీక్షలో నెగ్గడం అతనికి అలవాటే. డ్రైవింగ్ లైసెన్సు కోసం రెండుసార్లు నెగ్గాడు. రెండుసార్లూ నెడ్రా ముందు తన పరీక్ష ముగించుకుని వచ్చి, వరుసలో నిలబడ్డ అతని చెవిలో అక్షరాలు ఊదింది. ఓడిపోవడం మాత్రం కొత్త. దారి పొడుగునా సాధన చేస్తూ మార్లో వెళ్ళి, డాక్టర్ ఇనోయే ముందు కుర్చీలో కూర్చున్నాడు.

"పై వరుస చదవండి," అన్నాడు డాక్టరు.

థేన్ కళ్ళు చికిలించి, మెడ చాపి, చాలాసేపు ఆలోచించాడు. "గుర్రమాండీ?"

"అక్షరాలండీ అవి."

"అయితే గుర్రం కాదు."

డాక్టరు నవ్వలేదు. కళ్ళలో చుక్కల మందు వేసి, చిన్న లైటు పట్టుకుని ఒక కంట్లోకి, తర్వాత రెండో కంట్లోకి, మళ్ళీ మొదటి కంట్లోకి చూశాడు. అంతసేపు తన కళ్ళలోకి ఎవరైనా చూసి ఎన్నేళ్ళయిందో థేన్‌కి గుర్తు రాలేదు. తర్వాత డాక్టరు మెల్లగా ఏదో చెప్పబోయాడు గాని, ఫారం మీదే ధ్యాస పెట్టుకున్న థేన్, "అవన్నీ తర్వాత వింటాను, ముందు సంతకం," అన్నాడు.

"ఇక్కడికి బండి ఎవరు నడిపారు?"

"నేనే. ఇంకెవరున్నారు?"

పెన్ను కాయితం మీద ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత సంతకం పెట్టింది.

థేన్ ఆ చుక్కల కళ్ళతోనే నాలుగు వీధులు దాటి హోమ్‌కి వెళ్ళి, జరిగిందంతా నటించి మరీ చూపించాడు. పక్క మంచం దుప్పటి మారుస్తున్న నర్సు నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయింది. నెడ్రా మాత్రం నవ్వలేదు.

"గుర్రం అన్నావా?"

"అన్నాను."

"ఆయన ఏమన్నాడు?"

"ఏమంటాడు? సంతకం పెట్టాడు. నాలో ఇంత నటుడున్నాడని నాకే తెలీదు."

నెడ్రా కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి, "రేపు రాకు," అంది.

"ఎందుకూ?"

"వాన పడేట్టుంది."

ఆకాశంలో చేతిగుడ్డంత మబ్బు కూడా లేదు. థేన్ మర్నాడూ వెళ్ళాడు, ఆ మర్నాడూ వెళ్ళాడు. పదో రోజున ఒక ఉత్తరం వచ్చింది. అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయని గార్త్ చేత చదివించాడు. దుర్బిణి అనుమతి అనుకున్నది కాస్తా లైసెన్సుల ఆఫీసు నుంచి వచ్చింది. చూపు చాలనందువల్ల అతని డ్రైవింగ్ లైసెన్సు ఆ రోజు నుంచీ చెల్లదు.

ఊరు చిన్నది, గార్త్ నోరు పెద్దది. మర్నాటికల్లా కాఫీ హోటలమ్మాయి థేన్ పక్కన నిలబడి, అతను ముప్ఫై ఏళ్ళుగా తింటున్న గుడ్లూ బంగాళాదుంప వేపుడూ సహా, ఫలహారాల పట్టికంతా బిగ్గరగా చదివి వినిపించింది. చర్చి ఆడవాళ్ళు జున్నూ బంగాళాదుంపలూ వేసి కాల్చిన వంటకాలు నాలుగు పళ్ళేల నిండా తెచ్చి, ఏది ఎక్కడుందో అతని చెయ్యి పట్టుకుని తడిమి చూపించారు. పోస్టాఫీసు ముందు ఇద్దరు పుణ్యాత్ములు చెరో రెక్కా పట్టుకుని రోడ్డు దాటించారు. అతను దాటాలనుకోలేదు. తిరిగి ఇవతలికి రావడానికి వాళ్ళు కనుమరుగయ్యేదాకా ఆగాల్సి వచ్చింది.

చూపులేని వాళ్ళ సంఘం నుంచి ఒక పెద్దావిడ వచ్చి తెల్లకర్రా, మాట్లాడే గడియారమూ ఇచ్చి వెళ్ళింది. కర్రని అతను బీరువా వెనక పడేశాడు. గడియారాన్ని అల్మారాలో దుప్పట్ల కింద దాచాడు. అది అక్కడి నుంచే గంట గంటకీ ఆడగొంతుతో టైము చెప్పేది. మూడో రోజు థేన్ దాన్ని బయటికి తీసి వంటగదిలో బల్ల మీద, నెడ్రా కుర్చీకి ఎదురుగా పెట్టుకున్నాడు.

మార్లోకి బస్సు లేదు. గార్త్‌కి గడ్డి కోతలు. తొమ్మిది రోజులు థేన్ నెడ్రాని చూడలేదు. ఫోనులో ఆమె మాటలు మరీ నెమ్మదిగా, ఇద్దరి మధ్యా నది ఉన్నట్టు వచ్చేవి.

చివరికి గార్త్‌ని బతిమాలుకున్నాడు. "నేను నటించానని చెప్పేస్తానురా. దుర్బిణీ వద్దు, జింకా వద్దు. నా లైసెన్సు నాకిస్తే చాలు."

"నటించానంటే దొంగ కాయితం పెట్టావని కేసవుతుందిరా. నటించలేదంటే గుడ్డివాడివి. ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"నుయ్యే నయం. బండెక్కు."

డాక్టర్ ఇనోయే అతను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. "మీరు నటించారని నాకు తెలుసండీ. గుర్రం అన్నప్పుడే తెలిసింది."

"మరింకేం! కొట్టేయండి అది."

"మీరు చెప్పిన అక్షరాలు చూసి నేనేమీ రాయలేదండీ. మీ కంటి వెనక చూసి రాశాను. రెండు కళ్ళలోనూ నట్టనడుమ పొర అరిగిపోయింది. చుట్టూ కనిపిస్తుంది, చూడదలుచుకున్నది కనిపించదు. ఆ రోజు చెబుదామంటే మీరు విననివ్వలేదు. థేన్ గారూ, మీరు అబద్ధమాడుతున్నాననుకుంటూ నిజం చెప్పారు."

థేన్ కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "పోనీ, లైసెన్సు ఆఫీసుకి ఎందుకు రాశారు? అది మీ పని కాదుగా?"

డాక్టరు బల్ల మీది కాయితాలు సర్దాడు. "ఆ సంగతి మీ ఆవిడని అడగండి."

హోమ్‌లో నెడ్రా కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉంది. ఎవరో ఆమె జుట్టు దువ్వి, ఎన్నడూ లేని వైపు పాపిడి తీశారు. అతన్ని చూడగానే, "గార్త్ తీసుకొచ్చాడా?" అంది.

"ఆ. నువ్వా డాక్టరుకి చెప్పింది?"

"నేనే. ఎడం చేత్తో నంబరు నొక్కడానికి అరగంట పట్టింది."

"నలభై ఆరేళ్ళు కాపరం చేసి, నా బండి లాగేయించావా నెడ్రా? నీ దగ్గరికి రాకుండా చేసుకున్నావా?"

"నేను బండిలో పక్కన కూర్చుని ఏం చేసేదాన్ని, చెప్పు."

"సణిగేదానివి. ఎర్రలైటు, ఎదురుగా ఆవు, మలుపొచ్చింది, లారీ ఆగింది..." థేన్ ఆగిపోయాడు.

"ఆరేళ్ళు సణిగాను," అంది నెడ్రా. ప్రతి మాటకీ ఊపిరి కూడదీసుకుంటోంది. "నీకు తెలియకుండా నడపాలని సణిగాను. తెలిస్తే నువ్వు కుంగిపోతావని. ఆ అక్షరాలు నీ చెవిలో ఊదింది కూడా నేనే. ఆ పాపం నాదే. పక్కన నేనున్నాను కదా, ఫరవాలేదనుకున్నాను. ఇప్పుడా సణిగే మనిషి ఇక్కడుంది. నువ్వేమో రోజూ ముప్ఫై ఎనిమిది మైళ్ళు ఒక్కడివీ వస్తున్నావు."

"ఒక్కసారి కూడా ఏమీ కాలేదుగా!"

"నీ బండి ముందు లైటు పగిలి నెల రోజులైంది. నువ్వు చూశావా? ఈ కిటికీలోంచి నేను చూశాను." ఆమె ఎడం చేత్తో కుడిచేతిని ఒళ్ళోకి లాక్కుంది. "పదకొండయ్యేదాకా రోజూ చచ్చి బతుకుతున్నాను థేన్. నువ్వు వస్తుంటే నాకు రోజూ భయం. రాకపోతే ఒట్టి బెంగే. బెంగ నేను ఓర్చుకోగలను."

"నాతోనే చెప్పొచ్చుగా."

"చెబితే వినేవాడివా?"

వినేవాడు కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. థేన్ ఆమె జుట్టు మీద చెయ్యి వేసి, పాపిడి అటు నుంచి ఇటు మార్చాలని చూశాడు. ముందుకు వంగితే ఆమె ముఖం ఉన్నచోట బూడిదరంగు మరక ఉంది. తల పక్కకి తిప్పి, గోడని చూస్తున్నట్టు నిలబడితే, ఆ మరక అంచున ఆమె ముఖం తెలిసింది. ఏడుస్తోంది. ఎన్నాళ్ళుగానో తను అలా పక్కకి తిరిగే ఆమెను చూస్తున్నాడని అతనికి అప్పుడే తట్టింది.

సెప్టెంబరు మొదట్లో దుర్బిణి అనుమతి కూడా వచ్చింది. ఇప్పుడందులో మోసం ఏమీ లేదు. వేట మొదలైన రోజు తెల్లవారేసరికి గార్త్ అతన్ని బ్లాక్ సాడిల్ మీదికి తీసుకెళ్ళి ఒక బండరాయి వెనక కూర్చోబెట్టాడు. అరగంటలో లోయలోంచి ఈలలాంటి కూత వినిపించింది. థేన్‌కి ఆ కూతే కాక, దాని వెనక కొమ్మలు విరుగుతున్న చప్పుడు కూడా వినిపించింది.

"వచ్చిందిరా!" గార్త్ గుసగుసలాడాడు. "అమ్మో, ఎంతెంత కొమ్ములురా! ఎదురుగా, ఎండిన చెట్టు పక్కన. కొట్టు!"

థేన్ దుర్బిణికి కన్ను ఆనించాడు. ఆకులు కనిపించాయి, ఎండిన చెట్టు కనిపించింది, దుర్బిణి అంచున గడ్డి పరక కూడా కనిపించింది. అడ్డగీతా నిలువుగీతా కలిసే చోట మాత్రం మరక కూర్చుంది. తుపాకీ ఎటు జరిపితే అటు జరిగి, సరిగ్గా అక్కడే కూర్చుంది.

"ఇంకాస్త ఎడమకి. ఎడమకిరా! ఆ, అక్కడే! ఏం చూస్తున్నావు, కొట్టు!"

థేన్ తుపాకీ దించి, నిప్పు రవ్వ రేపే చిన్న రాగి టోపీని వేళ్ళతో తడిమి తీసేశాడు.

"ఏమైందిరా?"

"తొట్టికైతే మాటు వేయించుకున్నావు. జింకకి ఎవరు వేస్తారు?"

జింక కాసేపు నిలబడి, తన దారిన తాను పోయింది. దాని అడుగుల చప్పుడు ఆగేదాకా థేన్ తల ఎత్తలేదు. దిగి వస్తుంటే బాట మలుపులో టావ్నీ ఎదురైంది. వేట చీటీ చూసింది, తుపాకీ చూసింది, దుర్బిణి చూసింది, అనుమతి కాయితాన్ని వెలుతురుకి పెట్టి తేదీ చూసింది. "అన్నీ సక్రమంగా ఉన్నాయండీ," అంది సంతోషంగా. గార్త్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నం థేన్ హోమ్‌లో నెడ్రా గది గుమ్మం బయటే నిలబడ్డాడు.

"మాంసం లేదు. లోపలికి రావచ్చా?"

నెడ్రా అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. "కనబడలేదా?"

"కనబడలేదు."

"రా," అంది.

ఆ రోజే, నీళ్ళు మార్చడానికి వచ్చిన నర్సు నోటి వెంట ఓ మాట వచ్చింది. భార్యాభర్తలకి ఒకే గది ఇస్తారట, కాకపోతే ఇద్దరికీ సాయం అవసరమని డాక్టరు రాసిన కాయితం ఉండాలట. ఉత్తి ముసలితనం చాలదట. థేన్ చొక్కా జేబు తడుముకున్నాడు. అడవిలో టావ్నీకి చూపించిన కాయితాలలో డాక్టర్ ఇనోయే రాసిందీ ఉంది. మడత ఇంకా నలగలేదు.

అక్టోబరు మూడో వారంలో ఇల్లు ఖాళీ చేశాడు. తుపాకీ గార్త్‌కి ఇచ్చాడు. గడియారాన్ని సంఘం పెద్దావిడకి తిరిగి ఇచ్చేస్తూ, "ఇక దీని అవసరం లేదండీ," అన్నాడు. తలుపు తాళం వేశాక, నలభై ఆరేళ్ళు తొక్కిన గుమ్మం మెట్లని ఆఖరిసారి చూడబోయాడు. నేరుగా చూస్తే కనిపించలేదు. ఇంటికి పక్కగా తిరిగి, గార్త్ పొలం వైపు మొహం పెట్టి, చాలాసేపు నిలబడ్డాడు. గార్త్ తొందరపెట్టలేదు.

ఆ గదిలో వాళ్ళిద్దరూ కలిసి ఉన్నది మార్చి నెల దాకానే. ఆ తర్వాత కిటికీ పక్క మంచం ఖాళీ అయింది. కానీ థేన్ పెట్టె దించిన రోజున ఆ సంగతి ఎవరికీ తెలియదు. హోమ్ మేనేజరమ్మ ఫారం పట్టుకుని వచ్చి, నియమం ప్రకారం నెడ్రాని అడగాల్సినవన్నీ ఒక్కొక్కటే అడిగింది.

"ఈయనతో ఒకే గదిలో ఉండటానికి మీకు ఏమైనా అభ్యంతరం ఉందాండీ?"

నెడ్రా ఎడం చెయ్యి చాపింది. థేన్ వెతుక్కుంటూ వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఒకటుంది," అంది నెడ్రా. "గురక పెడతాడు."

మేనేజరమ్మ అది కూడా రాసుకుంది.